‘రాసి వెతుకుదాం’ అన్న నాగభూషణం గారు

1991వ సంవత్సరం జూలై నెల 8వ తేదీ, సోమవారం ఉదయం, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తండ్రిగారి క్వార్టర్ నుంచి సైకిలు మీద బయలుదేరి, నియామక పత్రం వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని, మన బొగ్గు వాషరీ గేటు ముందు వేళకు అరగంట ముందే హాజరైన యువకుడు శ్రీ గేదెల నాగభూషణం గారు. ఆనాడు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా హాజరు పట్టీలో సంతకం చేసిన వారు, ఈ అక్టోబరు 31వ తేదీన డిప్యూటీ మేనేజరుగా చివరి సంతకం చేసి, ముప్పైనాలుగు సంవత్సరాలకు పైబడిన నిరంతర సేవానంతరం పదవీ విరమణ చేయనున్నారు. ఈ సందర్భంగా వెలువడే ప్రత్యేక సంచికకు వారిని గురించి ఒక పేజీ రాసి ఇవ్వమని సంపాదకురాలు, సిబ్బంది విభాగాధికారిణి శ్రీమతి ఉషారాణి గారు నన్ను కోరారు. వారితో ఇరవై రెండేళ్ళు కలిసి పనిచేసినందువల్లా, గత ఐదేళ్ళుగా హోదాలో వారికి పై అధికారిని అయినందువల్లా ఈ గౌరవం నాకు దక్కింది. నేను రాసినది పేజీ దాటిపోయింది. అందుకు క్షమాపణ కోరడం లేదు. కోరవలసిన విషయం వేరే ఉంది, అది ముందుముందు వస్తుంది.

నాగభూషణం గారి తండ్రి శ్రీ అప్పలస్వామి గారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్డులో ఫిట్టరుగా స్థిరపడ్డారు. రైల్వే పాఠశాలలో హిందీ మాధ్యమంలో చదువుతూ, సాయంత్రాలు తల్లిగారి దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకుని, భౌతికశాస్త్రంలో పట్టభద్రులైన నాగభూషణం గారు రైల్వేలో కాక వాషరీలో చేరడం ఆ రోజుల్లో ఇంట్లో పెద్ద చర్చనీయాంశమయిందట. క్వార్టర్ రాదు, పాసు రాదు, బొగ్గు మసి మాత్రం ఉచితం అని పెద్దాయన దెప్పేవారట. అయినా కొడుకు మొదటి జీతంతో తెచ్చిన గొడుగును ఆయన చివరి రోజుల వరకు వాడారని విన్నాను.

1994లో మన వాషరీకి అణుధార్మిక పదార్థంతో పనిచేసే గేజీలు వచ్చాయి. కుటుంబసభ్యుల కోసం ఒక్క మాటలో చెబుతాను. బొగ్గును చిక్కటి ద్రవంలో వేస్తే మంచి బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది. ఆ ద్రవం ఎంత చిక్కగా ఉందో గొట్టాన్ని విప్పకుండా తెలుసుకోవడానికి, గొట్టానికి ఒక పక్క సీసపు కుండలో భద్రపరచిన రవ్వంత సీసియంను, మరో పక్క దాని కిరణాలను కొలిచే పరికరాన్ని బిగిస్తారు. ఆ సీసియంను మేము సోర్సు అంటాం. దానిని కలిగి ఉండడానికి ఒక అనుమతి, వాడడానికి ఒక అనుమతి, ఒకచోటి నుంచి మరోచోటికి కదల్చడానికి ఇంకొక అనుమతి, పని తీరాక తిరిగి పంపించడానికి వేరొక అనుమతి ముంబయిలోని నియంత్రణ మండలి నుంచి పొందవలసి ఉంటుంది. లైసెన్సు సంస్థ పేరిట ఉంటుంది. దాని బాధ్యత మోయడానికి పరీక్ష రాసి, ఆమోదం పొందిన రేడియేషన్ భద్రతాధికారి ఒకరు ఉండాలి. ముంబయిలో శిక్షణ పొంది, ఉత్తీర్ణులై, ఆ బాధ్యతను నాగభూషణం గారు స్వీకరించారు. నిన్నటి వరకు వదలలేదు.

నేను ఖమ్మం జిల్లా నుంచి వచ్చి 2003లో నిర్వహణ విభాగంలో చేరాను. చేరిన మొదటి వారమే వారి సోమవారపు ప్రదక్షిణ చూశాను. చేతిలో కిరణాలను కొలిచే సర్వే మీటరు, ఛాతీ మీద ఒంటికి సోకిన మోతాదు చూపే బ్యాడ్జి, చంకలో రిజిస్టరు. ఒక్కొక్క గేజీ ముందు ఆగి, మీటరు పెట్టి, అంకె చూసి, సీరియల్ నంబరు బిగ్గరగా చదివి, ఎదురుగా టిక్కు పెట్టేవారు. మా విభాగంలో వారికి ‘హాజరు మాస్టారు’ అని పేరు. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే. అది వారికి తెలిసినా నొచ్చుకోలేదు. ఒకసారి క్యాంటీనులో, అణుశక్తి లైసెన్సు ఉన్న మనిషికి ఇంత చప్పటి టీ ఇస్తారా అని నేను పరాచికమాడితే, వారు నవ్వి చెప్పిన మాట ఇది:

“లైసెన్సంటే వాడుకోమని ఇచ్చిన కాయితం కాదండి గోవిందరావు గారూ. దీన్ని మర్సిపోం అని మనం రాసిచ్చిన మాట. ఆళ్ళు ముంబయిలో ఉన్నారు, మనల్ని నమ్మేరు.”

ఆ మాటకు అప్పుడు నేను టీ తాగుతూ తలూపాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

వారి స్వభావం తెలియాలంటే రైలు ముచ్చట ఒకటి చెప్పాలి. సర్వే మీటరును రెండేళ్ళకొకసారి సరిచూపించడానికి ముంబయి పంపాలి. కొరియరులో పంపితే కుదుపులకు పాడవుతుందని వారు ఒకమారు స్వయంగా ఒళ్ళో పెట్టుకుని ముంబయి మెయిలు ఎక్కారు. రైల్వే పోలీసు వచ్చి “యే క్యా హై?” అని అడిగాడు. రేడియేషన్ కొలిచే మీటరు అన్నారు. ఆ ఒక్క ముక్క విన్న జనం గోందియా వచ్చేలోపు చుట్టూ నాలుగు బెర్తులు ఖాళీ చేశారు. మరొకరైతే కాళ్ళు చాపుకుని హాయిగా పడుకునేవారు. మన నాగభూషణం గారు లేచి, బోగీ ఆ చివర నుంచి ఈ చివర దాకా బెర్తు బెర్తుకూ తిరిగి, థర్మామీటరులో జ్వరం ఉండదు కదా, ఇందులోనూ ఏమీ ఉండదు అని హిందీలో బోధించి, పారిపోయినవారిని వెనక్కి తెచ్చి వారి స్థానాలలో కూర్చోబెట్టారు. చివరికి వారికే పక్కకు ఒత్తిగిలడానికి చోటు లేకపోయింది.

ఇక్కడితో ఆపి, ఆయురారోగ్యాలు కోరి, సంతకం చేస్తే చక్కని అభినందన వ్యాసం అవుతుంది. మొదటి ప్రతి అలాగే రాశాను కూడా. ఉషారాణి గారు చాలా బాగుందన్నారు. ఆ మాట విని ఇంటికి వెళ్ళాక నా మీద నాకే రోత పుట్టింది. ఆ ప్రతిలో 2018 లేదు. నాగభూషణం గారి ఉద్యోగ జీవితాన్ని 2018 లేకుండా రాయగలిగినవాడు ఎంత సిగ్గుమాలినవాడో నాకు మాత్రమే తెలుసు.

ఆ ఏడాది మనకు ఐదు గేజీలు ఉన్నాయి. నాలుగు గొట్టాల మీద, ఒకటి పని తీరి, కిరణాలు బయటికి వచ్చే షట్టరు మూసి తాళం వేసి, సోర్సు గదిలో. దానిని సరఫరాదారుకు తిరిగి పంపే అనుమతి కోసం దరఖాస్తు వెళ్ళింది. గది తాళంచెవి భద్రతాధికారి దగ్గర ఉంటుంది. మారుచెవి నిర్వహణ విభాగాధిపతినైన నా బీరువాలో ఉండేది. అది బయటికి తీసిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి.

సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ. ఇంజను నుంచి స్క్రూడ్రైవరు దాకా కడిగి, రంగేసి, పూలదండ వేసే పండుగ ఇది అని ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ ఏడు ప్రధాన కార్యాలయం నుంచి డైరెక్టరు గారు వస్తున్నారు. నాకు పదోన్నతి ఆశ ఉంది. శనివారం నాడు రంగుల కాంట్రాక్టు మేస్త్రీ రాజేంద్రను పిలిచి, మారుచెవి చేతిలో పెట్టి, ఆ గది లోపలా బయటా ఏదీ పాతగా కనిపించకూడదన్నాను. రిజిస్టరులో రాయలేదు. ఒక పూట పనికి రాత ఎందుకనిపించింది. రాజేంద్ర చెప్పిన పని తు.చ. తప్పకుండా చేశాడు. తలుపు మీది హెచ్చరిక గుర్తుకూ, సీసపు కుండ మీది పసుపు గుర్తుకూ, నంబరు పలకకూ కలిపి వెండి రంగు పట్టించాడు. ఆరిన తర్వాత అది చూడడానికి ఒక పెద్ద పాత వాల్వులా ఉంది.

మన పూజా మైదానం అంతా కాంక్రీటు. మేకులు దిగవు. అందువల్ల పందిరి తాళ్ళను బరువులకు కడతారు. తఖత్‌పూర్ నుంచి వచ్చిన టెంటు మనుషులకు ఒక బరువు తక్కువైంది. యాభై కిలోల పైచిలుకు ఉండి, పైన కొక్కెం కూడా ఉన్న వెండి రంగు కుండ, రంగు ఆరడానికి తెరిచి ఉంచిన ఆ గది గుమ్మంలోనే కనిపించింది. ఇద్దరు మోసుకుపోయారు. సోమవారం పూజ ఘనంగా జరిగింది. డైరెక్టరు గారు కొబ్బరికాయ కొట్టారు. ఆ కుండకు పది అడుగుల దూరంలో నేనూ నాగభూషణం గారూ పక్కపక్కన కూర్చుని బూందీ తిన్నాం. మర్నాడు టెంటు వాళ్ళు తమ సామానుతో పాటు దానినీ లారీలో వేసుకుని వెళ్ళిపోయారు.

24వ తేదీ సోమవారం ప్రదక్షిణలో వారు గది తలుపు తీశారు. పది నిమిషాల్లో నా గదికి వచ్చారు. కూర్చోలేదు.

“ఐదోది లేదండి.”

రాజేంద్రకు ఇచ్చిన మారుచెవి గుర్తుకు వచ్చింది. అయినా నోటికి వచ్చింది ఇది: “రెండు రోజులు ఆగండి నాగభూషణం గారూ. ముందు వెతుకుదాం. దొరక్కపోతే అప్పుడు రాద్దాం. రాస్తే లైసెన్సు మీదికి వస్తుంది.”

“ఎతుకుదామండి,” అన్నారు వారు. “రాసి ఎతుకుదాం.”

గంటలోపు నియంత్రణ మండలికీ, పోలీసులకూ, యాజమాన్యానికీ సమాచారం వెళ్ళింది. ఈలోగా నేను రాజేంద్రను పక్కకు పిలిచి అడిగాను. సంగతి తెలిసింది. నాగభూషణం గారి దగ్గరకు వెళ్ళి, పందిరి వాళ్ళను కూడా ఒకసారి అడిగితే మంచిదేమో అన్నాను. ఎందుకని వారు అడగలేదు. నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి జీపు ఎక్కారు.

తఖత్‌పూర్‌లో టెంటు హౌసు పెరట్లో అది దొరికింది. యజమాని తల్లి, డెబ్భై ఏళ్ళ ముసలమ్మ, దాని మీద గోనెపట్టా పరచుకుని కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వారు మీటరు చూసుకుంటూ దగ్గరకు నడిచి, “దాయీ, జరా ఉఠ్ జా” అని చేయి అందించి లేవదీశారు. షట్టరు మూసే ఉంది, తాళం చెక్కుచెదరలేదు. సీసం తన పని తాను చేసింది. ఎవరికీ ఏ హానీ కలగలేదని ఆ తర్వాత పరీక్షల్లో కూడా తేలింది. కానీ ఊరు ఊరుకోదు. ఆమె చేతి నీళ్ళు తాగడానికి ఇరుగుపొరుగు జంకారు. ఆ చలికాలమంతా నాగభూషణం గారు సెలవు రోజుల్లో బస్సెక్కి తఖత్‌పూర్ వెళ్ళి, ఆమె వాకిట్లో, నలుగురూ చూసేలా ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేవారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

విచారణకు ప్రధాన కార్యాలయం నుంచి ముగ్గురు వచ్చారు. ఆ గది తాళంచెవి ఎవరి ఆధీనంలో ఉంటుందని నన్ను అడిగారు. “నిబంధన ప్రకారం భద్రతాధికారి ఆధీనంలో ఉంటుంది” అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్ళు దానిని చంకలో పెట్టుకుని తిరగగలిగాను. మారుచెవి గురించి ఆ ముగ్గురూ అడగలేదు, నేను చెప్పలేదు. రాజేంద్ర అప్పటికే కాంట్రాక్టు ముగించుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. తాళంచెవి ఎవరికైనా ఇచ్చారా అని నాగభూషణం గారిని అడిగితే, “నా రిజిస్టరులో లేదండి” అన్నారు. అంతే.

తాళంచెవి భద్రపరచలేదని వారికి అభిశంసన పత్రం వచ్చింది. రావలసిన పదోన్నతి ఆగింది. కొత్త అనుమతులను మండలి ఆరు నెలలు నిలిపి ఉంచింది. ఐదో గేజీ స్థానంలో రావలసిన కొత్తది రాక, మన కార్మికులు అరగంటకొకసారి బకెట్టుతో ద్రవం ముంచి తూచవలసి వచ్చింది. ఉత్తరం రాసి మా నెత్తికి బకెట్లు తెచ్చాడని వారిని ఆడిపోసుకున్న నోళ్ళు ఇప్పుడు ఈ సంచిక చదువుతున్నాయి. నేను మిమ్మల్ని వారించలేదు. మీ తప్పు కన్నా నాదే పెద్దది. రెండేళ్ళకు నేను పదోన్నతి పొంది వారికి పై అధికారినయ్యాను. ఏటేటా వారి పనితీరు నివేదికలో ‘అత్యుత్తమం’ అని రాసి, ఆ పూట నిద్ర పడుతుందేమో చూసుకునేవాణ్ణి.

ఈ రెండో ప్రతి చదివి ఉషారాణి గారు, “సర్, ఇది అభినందనా, వాంగ్మూలమా?” అన్నారు. రెండూ అన్నాను. వాంగ్మూలం విడిగా కూడా ఇచ్చాను. ఈ నెల 6వ తేదీన యాజమాన్యానికి లిఖితపూర్వకంగా సమర్పించిన పత్రంలో, మారుచెవి నేను ఇచ్చానని, వారిపై అభిశంసనను రద్దు చేసి, ఆగిన పదోన్నతిని ఆనాటి తేదీ నుంచి ఇవ్వవలసిందని, నాపై తగిన చర్య తీసుకోవలసిందని కోరాను. ఇది రాసే సమయానికి జవాబు రాలేదు. నాకు సర్వీసు ఇంకా పద్నాలుగు నెలలు ఉంది. వారికి ఉన్నది రోజులు మాత్రమే.

అచ్చుకు ఇచ్చే ముందు వారి అనుమతి తీసుకోవాలని గత ఆదివారం వారి ఇంటికి వెళ్ళాను. నాగభూషణం గారు కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు మొదటి నుంచి చివర దాకా చదివారు. ముఖంలో ఏ మార్పూ లేదు. చదివి, పక్కన కూర్చున్న సహధర్మచారిణి సీతాలక్ష్మి గారికి ఇచ్చారు. ఆమె చదువుతున్నంతసేపూ నేను వారి వాకిట్లో తులసికోట వైపు చూస్తూ కూర్చున్నాను.

“మీకు తెలుసు కదండీ,” అన్నాను వారితో.

“తెలుసండి. ఆవేళ జీపెక్కినప్పుడే తెలిసింది. ఇచారణలో మీరు సెప్తారేమోనని సూసేను. తర్వాత ఒక యేడాది సూసేను. మరింక సూడ్డం మానీసేను.”

కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

“ఒకటి సరిజెయ్యాలండి,” అని మళ్ళీ వారే అన్నారు. “పదిహేడో తారీఖు కూడా సోమారమే. పూజని నాను ఆవేళ రౌండుకెళ్ళలేదు. ఎల్లుంటే పందిట్లోనే దొరికును. ఎవరూ అడగలేదు, నాను సెప్పలేదు. అదీ రాయండి.”

రాశాను.

సీతాలక్ష్మి గారు కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆమె నన్ను అన్నయ్యగారూ అనే పిలుస్తారు. ఆ రోజు ఏ పిలుపూ లేకుండా మొదలుపెట్టారు.

“తాళంసెవి జాగర్త సేసుకోలేని మనిసేటి మీరు అని ఏడేళ్ళు దెప్పేనండి ఈయన్ని. అమ్మాయి రజిని ముందు దెప్పేను. మా పుట్టింటోళ్ళ ముందు దెప్పేను. ఇంటి తాళం కూడా ఈయన సేతికివ్వడం మానీసి నా కొంగుకే కట్టుకున్నాను. ఒక్కనాడు కాదన్లేదు.” తర్వాత భర్త వైపు తిరిగారు. “నాకైనా సెప్పకూడదేటి?”

“సూడని మాట ఎలాగంటాను?” అన్నారు వారు. “ఆయన ఇచ్చేరని నానేటి సూసేనా?”

ఆమె కొంగు ముడి విప్పి, ఇంటి తాళంచెవి తీసి, భర్త చేతిలో పెట్టారు. వారు దానిని చొక్కా జేబులో వేసుకున్నారు. నేను తల ఎత్తలేకపోయాను. ఒక మనిషి కొలువులో పేరు చెడగొట్టానని మాత్రమే అనుకుంటూ వచ్చాను. వారి ఇంట్లో వారి మాటకు విలువ తీసేశానని అంతవరకు నాకు తట్టనే లేదు. వెళ్ళొస్తానని లేస్తే, “టీ తాగలేదు, అన్నయ్యగారూ,” అన్నారామె. తాగాను.

చిరంజీవి రజినికి తెలుగు కూడబలుక్కుని చదవవలసి వస్తుంది. అందువల్ల ఈ వ్యాసాన్ని ఒక్క వాక్యమూ తగ్గించకుండా హిందీలో కూడా ప్రచురించమని ఉషారాణి గారిని వేడుకుంటున్నాను. ఆ బిడ్డ తన తండ్రి ఎలాంటివారో సందేహం లేకుండా తెలుసుకోవాలి.

నాగభూషణం గారూ, విరమణ వేళ నూరేళ్ళు జీవించమని దీవించడం, కోరుకోవడం మన ఆనవాయితీ. మీరూ సీతాలక్ష్మి గారూ సంపూర్ణ ఆరోగ్యంతో, ప్రశాంత చిత్తంతో, ఒకరి మాట ఒకరికి చల్లగా, నూటయేడు సంవత్సరాలు జీవించాలని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను. ఆ పైని ఏడూ నేను మీ ఇంట్లోంచి ఎత్తుకుపోయినవి.

ఇట్లు,
గోవిందరావు,
మేనేజరు, నిర్వహణ విభాగం